ఇంటిపేరులో ఊరు, పిలిచే పేరులో మొక్కు

ప్రశ్న: మా ఇంటిపేరు ‘పాటి’ అనే అక్షరాలతో ముగుస్తుంది. ‘ఆపాటి’, ‘ఏపాటి’ అన్న మాటల్లో ఉన్నది ఈ పాటియేననీ, మా పూర్వులు ఎవరికీ తీసిపోనివారు కావడం వల్ల ఆ పేరు వచ్చిందనీ మా బంధువు ఒకరు చెబుతున్నారు. ఇది నిజమేనా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ బంధువుకు వంశం మీద ఉన్న అభిమానం మెచ్చదగినదే గాని, ఆయన చెప్పిన అర్థం సరైనది కాదు. ఇంటిపేరు కనబడగానే దానికి అర్థం వెతకడం మనలో చాలామంది చేసే పొరపాటు. ముందు వెతకవలసినది ఊరిని. ‘పాడు’తో ముగిసే ఊరిపేరు మరొక నామవాచకానికి ముందు నిలిచినప్పుడు ‘పాటి’గా మారుతుంది. పలనాడులో జరిగిన యుద్ధాన్ని పలనాటి యుద్ధం అనడమూ, ఏరు ఏటి ఒడ్డు కావడమూ, ఇల్లు ఇంటి పేరు కావడమూ ఇదే పద్ధతి. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఇ, టి, తి అనే ఈ వర్ణాలను ఔపవిభక్తికాలు (విభక్తికి ముందు నామవాచకం చివర వచ్చేవి) అన్నారు. కాబట్టి పూసపాటివారు పూసపాడు వారు, గార్లపాటివారు గార్లపాడు వారు. అలాగే ఊరు ‘ఊరి’ అవుతుంది గనుక కందుకూరు కందుకూరి అయింది, ఆతుకూరు ఆతుకూరి అయింది. గన్నవరం వంటి పేర్లు గన్నవరపు అవుతాయి. పల్లి, వాడ, కొండ వంటివి ఏ మార్పూ లేకుండా నిలిచిపోతాయి.

ఒక ఊరు విడిచి వెళ్ళినవారినే ఆ ఊరి పేరుతో పిలుస్తారు. ఊరందరూ ఆ ఊరివారే అయినచోట అలా పిలవవలసిన అవసరం ఉండదు. అందుకే ఇంటిపేరు తరచుగా మనం ఉన్న చోటును కాక, మనవాళ్ళు వదలివచ్చిన చోటును చెబుతుంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. ఆయన ఇంటిపేరులోని కందుకూరు ఉన్నది అక్కడికి ఎంతో దూరాన. బమ్మెర పోతన, పాల్కురికి సోమనాథుల ఇంటిపేర్లలోని బమ్మెర, పాలకుర్తి గ్రామాలు నేటికీ జనగామ జిల్లాలో ఒకే మండలంలో ఉన్నాయని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఒకే పేరుగల ఊళ్ళు రెండు మూడు చోట్ల ఉండవచ్చు. కందుకూరే రంగారెడ్డి జిల్లాలోనూ ఒకటి ఉంది. ఒకే ఊరి నుండి వేర్వేరు కులాలవారు వలస వెళ్ళి ఉండవచ్చు గనుక, ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. ఇంట్లో పెద్దలు చెప్పే వలస కథ, కులదైవం గుడి, పాత భూమి కాగితాలు కలిపి చూస్తేనే మీ పాడు ఏదో తేలుతుంది. ఊరితో సంబంధం లేని ఇంటిపేర్లూ లేకపోలేదు: సోమయాజుల, అవధానుల వంటివి చేసిన యజ్ఞాన్నో నేర్చిన విద్యనో, కరణం, దేశ్‌ముఖ్ వంటివి నిర్వహించిన ఉద్యోగాన్నో తెలుపుతాయి.

ప్రశ్న: మా నాయనమ్మ పేరు పెంటమ్మ. ఆ పేరు చెప్పడానికి మా పిల్లలు సిగ్గుపడుతున్నారు. అలాంటి పేరు ఎందుకు పెట్టి ఉంటారు?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ఆ పేరు వెనుక ఉన్నది చిన్నచూపు కాదు, భయమూ ప్రేమా. పుట్టిన పిల్లలు వరుసగా చనిపోతున్న ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం ఉంచి, ఎవరో పారేసిన బిడ్డను ఏరి తెచ్చుకున్నట్టుగా ఇంటికి తెచ్చుకునేవారు. ఎవరికీ అక్కరలేని పేరు పెడితే మృత్యువు కూడా ఆ బిడ్డను ఆశించదని నమ్మేవారు. కుప్పయ్య అన్న పేరుదీ ఇదే వరుస. ఎంగిలి విస్తరిని పుల్లాకు అంటారు గనుక పుల్లయ్య, పుల్లమ్మ అన్న పేర్లూ అలా వచ్చినవే. మీ నాయనమ్మకు ముందు ఆ ఇంట్లో ఎందరు పసివాళ్ళు దక్కకుండా పోయారో, ఆమె బతకాలని ఆ తల్లి ఎంతగా తపించిందో మీ పిల్లలకు చెప్పండి.

బిడ్డ దక్కాలని మొక్కుకున్న దైవం పేరు పెట్టడం మరొక దారి. యాదగిరిగుట్టకు మొక్కినవారి బిడ్డ యాదయ్య, యాదమ్మ. అహోబిలానికి మొక్కినవారికి ఓబులేసు. పెంచలకోనకు మొక్కినవారికి పెంచలయ్య. కోటప్పకొండకు మొక్కినవారికి కోటయ్య. సింహాచలానికి మొక్కినవారికి అప్పన్న. మేడారానికి మొక్కినవారికి సమ్మయ్య, సమ్మక్క. దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్ళలో మస్తానయ్య, మస్తానమ్మ అన్న పేర్లు నేటికీ వినవస్తాయి. ఇవన్నీ అర్థం కన్నా ముందు ప్రాంతాన్ని చెప్పే పేర్లు. మనిషిని చూడకుండానే ఏ కొండకు దగ్గరివాడో ఊహించవచ్చు.

ప్రశ్న: మా తాతగారికీ ఆయన సొంత అన్నగారికీ ఇంటిపేర్లు వేరు. ఇది ఎలా సాధ్యం?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: దత్తత కారణమై ఉండవచ్చు. మహాకవి శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట. శ్రీరంగం వారికి దత్తత వెళ్ళడం వల్ల ఆయన శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. మీ తాతగారు, ఆయన అన్నగారు ఇద్దరిలో ఎవరి గోత్రం మారిందో పెద్దలను అడిగితే, దత్తు వెళ్ళినది ఎవరో తెలుస్తుంది.