ఆడటం, ఆడుకోవడం: రెండూ ఒకటేనా?

సందేహం: గురువుగారూ, గేమ్ స్టడీస్ గురించి తెలుగులో ఒక పరిచయ వ్యాసం రాస్తున్నాను. ‘క్రీడా అధ్యయనం’ అని పేరు పెడితే చదివిన ఫ్రెండ్ ‘స్పోర్ట్స్ గురించా?’ అన్నాడు. పోనీ ‘ఆట’ అందామంటే ఇంగ్లీషులో గేమ్ వేరు, ప్లే వేరు, మనకేమో రెండిటికీ అదొక్కటే మాట. ఈ సబ్జెక్టుకి తెలుగు చాలదంటారా? ప్లేయర్ని ఆటగాడు అనాలా, క్రీడాకారుడు అనాలా?

సమాధానం: మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్టే. సంస్కృతంలో క్రీడ అంటే పిల్లల ఆటా అదే, నీళ్ళలో కేరింతలూ అదే, కానీ ఇవాళ తెలుగులో ‘క్రీడలు’ అనగానే మెడల్సూ స్టేడియమూ తప్ప ఇంకేం గుర్తురావు. ‘ఆటల అధ్యయనం’ అని రాసుకోండి, అందరికీ అర్థమవుతుంది. ఇక మాట ఒక్కటే ఉందన్న బెంగ సంగతి.

అది మనొక్కళ్ళకే ఉన్న తంటా ఏం కాదండి. జర్మన్లో ‘ష్పీల్’ అన్న ఒక్క మాటే రెండిటికీ సరిపెడతారు, స్వీడిష్‌లో మాత్రం ‘స్పెల్’ వేరు ‘లేక్’ వేరు. తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ పుస్తకం ‘ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్’ 1953లో వచ్చింది కదా, అందులో ఆటలన్నిటికీ ఉమ్మడిగా ఉండే లక్షణం ఏదో చూపించండి అని అడిగి, అలాంటిదేం లేదు, ఒకే ఇంటివాళ్ళ ముక్కూ కళ్ళూ కలిసినట్టు పోలికలు మాత్రమే ఉంటాయి అన్నాడు. ఆయన రాసింది ‘ష్పీల్’ ఉన్న జర్మన్లోనే అని గుర్తుపెట్టుకోండి. తెలుగైతే ఆయన పని ఇంకా కష్టమయ్యేది, మనకి సినిమా కూడా ఆడుతుంది, ఊపిరీ ఆడుతుంది, అబద్ధమూ ఆడతాం, పైగా రెండో ఆటకి టికెట్లు దొరకలేదంటాం.

డచ్ చరిత్రకారుడు హొయిజింగా 1938లో ఆటల మీద ‘హోమో లూడెన్స్’ అన్న పుస్తకం రాసినప్పుడు అందులో ఒక అధ్యాయమంతా భాషలకే ఇచ్చాడు. సంస్కృతంలో ఆటకి ఒక ధాతువు కాదు, క్రీడ్, దివ్, లస్, లీల అని నాలుగు దారులున్నాయని చూపించాడు. దివ్‌లో పాచికలున్నాయి, లీలలో ఊగడం ఉంది, ఉత్తుత్తిగా చెయ్యడం ఉంది. తెలుగు ఆయన దాకా వెళ్ళలేదు, వెళ్తే నాకిష్టమైన ఒక సంగతి ఆయనకి దొరికేది.

‘ఆమె చెస్ ఆడుతోంది’, ‘పిల్లలు ఆడుకుంటున్నారు’. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో ఏ ఆట అన్నది ఉండాలి, రూల్స్ ఉంటాయి, గెలుపూ ఓటమీ ఉంటాయి. రెండోదాంట్లో ఏం ఆడుకుంటున్నారని ఎవరూ అడగరు, మట్టిలో వేలు పెట్టి తిప్పుతున్నా అది ఆడుకోవడమే. ‘ఇద్దరూ చెస్ ఆడుకుంటున్నారు’ అంటే సరదాకి అని, ‘ఫైనల్లో బాగా ఆడుకుంది’ అని మాత్రం ఎవరూ అనరు. అంటే మనం తేడాని నామవాచకంలో కాదు, క్రియలో దాచుకున్నాం, వండుకోవడం, రాసుకోవడంలో ఉండే ఆ ‘కొను’ ఉంది చూశారూ, తనకోసం చేసుకునే పని అని చెప్పేది, అదే ఇక్కడా పనిచేస్తోంది. ‘బౌలర్లని ఓ ఆట ఆడుకున్నాడు’ అన్నప్పుడు కూడా చూడండి, అక్కడ రూల్స్ సంగతి పోయి ఆడేవాడి ఇష్టమే రాజ్యం.

ఫ్రెంచ్ రచయిత రొజే కయ్వా 1958లో చెప్పింది దీనికి దగ్గరగానే ఉంటుంది. ఒక కొసన అదుపులేని ఆట, దానికి ‘పైడియా’ అని పేరు, రెండో కొసన నియమాలతో బిగించింది, దానికి ‘లూడస్’ అని, మిగతావన్నీ మధ్యలో ఎక్కడో ఒకచోట. మీ వ్యాసంలో పైడియాకి ఆడుకోవడం, లూడస్‌కి ఆడటం అని రాసి చూడండి, అచ్చంగా అతకకపోవచ్చు గానీ చదివేవాళ్ళకి వెంటనే వెలుగుతుంది. ఆయనే చెప్పిన నాలుగు రకాలు, పోటీ, అదృష్టం, వేషం, కళ్ళు తిరిగే మైకం, వీటికి ఆయన వాడిన గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు మాటలు మోయక్కర్లేదు.

‘మ్యాజిక్ సర్కిల్’ అన్న మాట కూడా మీకు తగులుతుంది, అంటే ఆట రూల్సే చెల్లే, బయటి లోకం నుంచి వేరుపడ్డ చోటు. హొయిజింగా మాటవరసకి అన్నదాన్ని 2003లో గేమ్ డిజైనర్లు సేలెన్, జిమర్‌మన్ తమ పుస్తకం ‘రూల్స్ ఆఫ్ ప్లే’తో పెద్ద పారిభాషికం చేశారు. దాన్ని ‘మాయావలయం’ అంటే ఎవరో చిక్కుకుపోయినట్టుంది. మనకి ‘బరి’ లేదా? హద్దు గీతా అదే, ఆట జరిగే చోటూ అదే, దాటినవాణ్ణి బరితెగించాడంటాం. అలాగే తొండి చేసేవాడూ ఆట చెడగొట్టేవాడూ వేరని హొయిజింగా అంటాడు, తొండివాడు కనీసం ఆటని నమ్మినట్టు నటిస్తాడు, రెండోవాడు ఆటనే కూల్చేస్తాడు. ఆడుతున్నట్టే ఉంటూ లెక్కలోకి రానివాడికి మనకి ‘ఆటలో అరటిపండు’ ఉండనే ఉంది, ఆ మాట మీద ఒక పేపర్ రాయొచ్చు అసలు.

‘ఆటగాడు’ ఒక మగవాడికి సరిపోతుంది, ‘ఆటగత్తె’ ఉన్నా అందరికీ నోరు తిరగదు. ‘ఆడేవాళ్ళు’ అనండి, ఆడా మగా ఇద్దరూ వస్తారు. 1999లో గేమ్ పరిశోధకుడు ఫ్రాస్కా వ్యాసంతో ప్రచారంలోకొచ్చిన లూడాలజీని, అంటే ఆటల్ని కథలుగా కాక ఆటలుగానే చదివే శాస్త్రాన్ని, ఆ పేరుతోనే ఉంచండి, గేమ్‌ప్లేకి ‘ఆడే తీరు’ చాలు. వీడియోగేమ్‌ని వీడియోగేమ్ అనే రాయండి, ‘దృశ్యక్రీడ’ లాంటివి పుట్టించారంటే మీ ఫ్రెండ్ మళ్ళీ ‘స్పోర్ట్స్ గురించా?’ అంటాడు.