వైఫై గుర్తే మాయమైందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాలుగేళ్ల నాటి ల్యాప్‌టాప్. వారం నుంచి కింద మూలన వైఫై గుర్తు పోయి భూగోళం బొమ్మ వస్తోంది. సెట్టింగ్స్‌లో వైఫై అన్న మాటే లేదు. ఒక్కోసారి దానంతటదే వచ్చి, గంటకల్లా పోతుంది. ఒంగోలులో చూపిస్తే విండోస్ మళ్లీ వేయాలన్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: అప్పుడే వద్దండీ. వచ్చిపోతోందంటే విండోస్ కంటే లోపల ఉండే వైఫై కార్డు మీదే మాకు అనుమానం. పైగా మీది సముద్రం ఒడ్డు ఊరు.

ముందు మిషన్‌ని నిజంగా ఆపండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్ 10, 11లో మామూలు షట్‌డౌన్ సగం నిద్రే. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. ఛార్జర్ పీకేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు అదిమి పట్టండి. బిగుసుకుపోయిన కార్డు చాలాసార్లు దీంతోనే లేస్తుంది.

లేవకపోతే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. వ్యూ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ పెట్టి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద చూడండి. కార్డు పేరు మసగ్గా ఉండి, ప్రాపర్టీస్‌లో కోడ్ 45 అని ఉంటే ఆ కార్డు అసలు కంప్యూటర్‌కి అందడం లేదని అర్థం. అప్పుడు ఎన్ని డ్రైవర్లు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) వేసినా దండగే. కోడ్ 10 అయితే కార్డు కనిపిస్తోంది గానీ మొదలవడం లేదు. పాత డ్రైవర్ తీసేసి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) మీద ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే కొత్తది దించుకోండి. కార్డు కనిపిస్తున్నప్పుడే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయండి.

ఇంకో ఆనవాలు బ్లూటూత్. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉంటాయి. రెండూ ఒకేసారి పోయాయంటే కార్డు కదిలింది, లేదా చచ్చింది.

వారంటీ అయిపోయి ఉంటే అడుగు మూత విప్పండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఎక్కడిదాన్ని అక్కడే పెట్టుకోండి. మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఇది మరవొద్దు. కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు, రెండు సన్నని యాంటెన్నా వైర్లతో ఉంటుంది. ఏ వైరు ఎక్కడో ఫోటో తీసుకుని, వాటిని నిలువుగా పైకి లేపండి. పక్కకి లాగితే చివర ఉన్న బుడిపె విరుగుతుంది. ఒక్క స్క్రూ తీయగానే కార్డు ఏటవాలుగా పైకి లేస్తుంది. బంగారు రంగు పళ్ల మీద పచ్చటి చిలుమో, తెల్లటి పొరో ఉంటే అది ఉప్పుగాలి పనే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి తుడిచి, బాగా ఆరనివ్వండి. తిరిగి ఏటవాలుగానే దూర్చి, కిందికి నొక్కి స్క్రూ వేయండి. వైర్లు వేలి కొసతో నొక్కితే టిక్‌మని కూర్చోవాలి.

అయినా కోడ్ 45 పోలేదంటే కార్డు మార్చాల్సిందే.

ప్రశ్న: మా రైజెన్ (ఏఎండీ ప్రాసెసర్) ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పోయింది. షాపతను ఇంటెల్ ఏఎక్స్ 211 వేస్తానంటున్నాడు. వేయించొచ్చా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దమ్మా. 201, 211 రకాల్లో పని సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపే జరుగుతుంది. రైజెన్‌లో గాడిలో పట్టినా పనిచేయవు. ఏఎక్స్ 210 అడగండి. ఒక్క అంకెలోనే తేడా ఉంది కాబట్టి కార్డు మీది లేబుల్ మీరే చదవండి. కార్డు బోర్డుకే అతికించి ఉన్న మోడల్ అయితే ఈ బాధంతా లేదు, యూఎస్‌బీ పోర్టులో పెట్టే వైఫై డాంగిల్ కొనుక్కోవడమే.

ప్రశ్న: డాంగిల్ కొన్నాను. ఇంట్లో రౌటర్‌కి రెండు పేర్లుంటే ఒక్కటే కనిపిస్తోంది. అదీ నత్తనడక.
– ఒక పాఠకుడు, పొదలకూరు

జవాబు: ఆ రెండు పేర్లు సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లవి. 150 ఎంబీపీఎస్ అని రాసి ఉండే గోరంత డాంగిల్స్ 2.4 మాత్రమే పడతాయి, 5 వాటికి కనపడదు. డ్యూయల్ బ్యాండ్ అని ఉన్నదానితో మార్చుకోండి. అప్పటిదాకా, పక్క పోర్టులో యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉంటే పీకి చూడండి. దాని రొద 2.4 సిగ్నల్‌ని చెడగొడుతుంది. అది తీయలేకపోతే డాంగిల్‌ని మూరెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టండి.