మండువా ఉండాలి, వైశాల్యం తగ్గాలి

ప్రశ్న: రాజోలు దగ్గర మా పాత మండువా ఇల్లు (నడుమ ఆరుబయలున్నది) శిథిలమైంది. అదే తీరులో 1,900 చదరపు అడుగుల్లో కట్టాలంటే, సోలార్‌తో కలిపి 50 లక్షలవుతుందని ఇంజనీరు అంటున్నారు. చేతిలో 35 లక్షలున్నాయి. వయసు 61, పింఛను 48 వేలు. మిగతాది అప్పు చేయవచ్చా? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

మాస్టారూ, అంత అప్పు వద్దు. 15 లక్షలకు 9 శాతం వడ్డీతో పదేళ్లపాటు నెలకు 19 వేలు కట్టాలి. మందుల ఖర్చు పెరిగే వయసులో పింఛనులో నూటికి నలభై వాయిదాకే పోతుంది.

మండువాను మాత్రం వదలకండి. మన డెల్టాలో ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ బాధ. నడిమి ఆరుబయలు వేడిగాలిని పైకి పంపుతుంది, ఎదురెదురు కిటికీలు గాలి ఆడిస్తాయి, కిందికి దిగిన చూరు గోడమీద ఎండ పడనివ్వదు. కరెంటు ఖర్చు లేకుండా ఇంటిని చల్లబరిచేవి ఇవే. చెక్కుడు స్తంభాలు, కొత్త టేకు చూపుకే, వాటిని అంచనాలోంచి తీసేయండి. పాత దూలాలనూ ద్వారబంధాలనూ జాగ్రత్తగా విప్పిస్తే చాలావరకు మళ్లీ పనికొస్తాయి.

అసలు పొదుపు వైశాల్యంలో ఉంది. మీ దంపతులకు 1,400 చదరపు అడుగులు చాలు. పిల్లలు సంక్రాంతికి వచ్చే నాలుగు రోజులకు వసారాలో పక్కలు వేయవచ్చు, రెండు గదులు కట్టనక్కర్లేదు. ఆ 500 అడుగులే 13 లక్షలు. అప్పుడు ఖర్చు 37 లక్షలు. మీ డబ్బులో 3 లక్షలు అత్యవసరాలకు పక్కన పెట్టినా 5 లక్షల అప్పు సరిపోతుంది, వాయిదా 6,300 చుట్టూ ఉంటుంది.

పునాదిలో మాత్రం పైసా తగ్గించకండి. బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, గోడలు బీటలిస్తాయి. ముందు మట్టి పరీక్ష చేయించండి. 1996 నవంబరు తుపాను చూసినవారు మీరు, పెంకులను గట్టిగా బిగించాలని వేరే చెప్పనక్కర్లేదు.

మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న) ఫ్యానుకు 30 చాలు. ఐదు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఒక్క పడకగదికి పెట్టుకోండి. అప్పుడు 2 కిలోవాట్ల సోలార్ సరిపోతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో దానికి 60 వేల రాయితీ ఉంది, కానీ అది బిగించాక ఖాతాలో పడుతుంది కాబట్టి ముందు సొమ్ము మీరే పెట్టాలి. సోలార్ పలకల కోసం వంటగది కప్పును చదునుగా వేయించండి.

ఇల్లు పూర్తయిన వెంటనే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి. తుపాను, వరద నష్టాలు అందులో వస్తాయి.