చెప్పాల్సింది అత్తగారికి కాదు

ప్రశ్న: మాది ఖమ్మం. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. రెండో కాన్పు తర్వాత తెలుగు టీచరు ఉద్యోగం మానేశాను. పాపకు ఆరేళ్లు, బాబుకు ఏడాదిన్నర. ఐదు నెలలుగా ఒక ఏజెన్సీకి ఆరోగ్యం, వంటల మీద వ్యాసాలు రాస్తున్నాను. మాటకు 40 పైసలు ఇస్తారు. రెండేళ్లకు పైగా వాడక నా బ్యాంకు ఖాతా ఆగిపోయింది, అందుకని డబ్బు మావారి ఖాతాకు వేయిస్తున్నాను. పగలు బాబుతో కుదరదు, రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా రాస్తాను. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, బాబును చూడలేరు. పైగా ‘ఎప్పుడు చూసినా ఆ ల్యాప్‌టాప్ ముందే’ అని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. మావారు మంచివారే, ఏమీ అనరు. ఇదీ ఉద్యోగమేనని అత్తయ్యకు ఎలా నచ్చజెప్పాలి?
– ఒక సోదరి, నిజాంపేట

జవాబు: నచ్చజెప్పక్కర్లేదు. ఆవిడకు అర్థం కాకపోయినా మీ పని ఆగదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ పరుగులు తీసే పిల్లాడి వెంట తిరగలేరు, తిరగాలని అనుకోవడం కూడా న్యాయం కాదు.

నాకు గుచ్చుకున్నది మీ ఉత్తరంలో చివరి ముక్క. ‘మంచివారే, ఏమీ అనరు.’ ఏమీ అనకపోవడం సాయం ఎలా అవుతుందమ్మా? తల్లి నలుగురిలో మిమ్మల్ని అంటుంటే ఆయన ఊరుకున్నారు. మీరు ఒంటిగంట దాకా మేలుకుంటే పడుకున్నారు. మీ కష్టార్జితం తన ఖాతాలో పడుతుంటే అదీ మామూలే అనుకున్నారు. ఆయన చెడ్డవారని నేననడం లేదు. అడిగితే తప్ప తోచని మగవాళ్లు మన ఇళ్లలో చాలామంది. మీరూ ఇంతవరకు నోరు తెరిచి అడగలేదనే అనిపిస్తోంది.

ఈ ఆదివారం అడగండి. ‘కాస్త సాయం చేయండి’ అంటే ఆయన రెండు గిన్నెలు సర్ది సరిపెట్టేస్తారు. ‘రోజూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు బాబు పూర్తిగా మీ దగ్గరే’ అని ఆయనతో చెప్పండి. అన్నం పెట్టడం, బట్టలు మార్చడం, నిద్రపుచ్చడం, పాప హోంవర్కు చూడటం అన్నీ అందులోకే వస్తాయి. డైపర్లు ఎక్కడున్నాయో, జ్వరం మందు ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో ముందే చూపించండి. తర్వాత గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి. మొదటి వారం బాబు ఏడుస్తాడు. తండ్రి దగ్గరే ఉన్నాడు కదా, బయటికి రాకండి. ఏడుపు విని ఒక్కసారి తలుపు తీశారంటే, మర్నాటి నుంచి బాబే కాదు ఆయనా మిమ్మల్నే పిలుస్తారు.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాలి. ‘అమ్మా, ఆ గంటన్నర పిల్లల్ని నేను చూస్తా, తను పని చేసుకోవాలి’ అని తల్లితో కొడుకు అంటే, మీరు ఆర్నెల్లు చెప్పినదానికంటే ఎక్కువ పని చేస్తుంది. ‘నీ సంపాదన మనకు అవసరమా?’ అని ఆయన అంటే, అవసరమో కాదో తేల్చేది మీరు. చదువుకుని, పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి మీరు.

ఇక ఖాతా సంగతి. దీన్ని మీరు చిన్న విషయంలా రాశారు, నాకలా కనిపించలేదు. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతాను ఆపేస్తారు. ఆధార్, పాన్ తీసుకెళ్లి కేవైసీ (గుర్తింపు, చిరునామా వివరాలు) ఇస్తే రుసుమేమీ లేకుండా మళ్లీ తెరుస్తారు. ఏజెన్సీకి మీవారి పాన్ కూడా ఇచ్చి ఉంటే, మీ సంపాదన ఆయన జీతంతో కలిసి ఆయన శ్లాబులో, అంటే ఆయన ఆదాయానికి వర్తించే రేటులో, పన్ను పడుతుంది. మీ పాన్ ఇస్తే, ఏజెన్సీ టీడీఎస్ (డబ్బు ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కోసినా, మీ ఆదాయం పన్ను పరిధిలోకి రానప్పుడు ఆదాయపు పన్ను రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. రేపు ఇంకో సంస్థలో పని అడిగినప్పుడు మీ సంపాదనకు రుజువు కూడా ఆ రిటర్నే. డబ్బు ఇంటికే ఖర్చు పెట్టండి, ఎవరు కాదన్నారు? మీ చేతికి వచ్చాక పెట్టండి.

రేటు దగ్గరా మీరు నష్టపోతున్నారు. 800 మాటల వ్యాసానికి 320 రూపాయలు. ఆరోగ్య విషయం చదివి సరిచూసుకోవడానికి గంట, రాయడానికి రెండు గంటలు, మార్పులకు ఇంకో గంట వేసుకున్నా గంటకు 80 రూపాయలే. రెండు వారాలు ప్రతి వ్యాసానికీ పట్టిన సమయం, ఫోన్లలో పోయినదాంతో సహా, పుస్తకంలో రాయండి. ఆ లెక్క పెట్టుకుని వచ్చే నెల ఒకటి నుంచి మాటకు 80 పైసలని మెయిల్ పెట్టండి. కొత్తవాళ్లకు మొదట్నుంచే రూపాయి చెప్పండి. మార్పులు రెండుసార్లే, మూడోసారికి విడిగా ఇవ్వాలని అందులోనే ఉండాలి. మీరు పంపిన మాటలకు డబ్బా, వాళ్లు కత్తిరించగా మిగిలినవాటికా అన్నదీ ముందే తేల్చుకోండి. అనువాదం ఇస్తే ఇంగ్లీషు మూలంలోని మాటలకే లెక్క కట్టండి. తెలుగులో విభక్తులు మాటకే అతుక్కుంటాయి కాబట్టి అదే విషయం తక్కువ మాటల్లో వస్తుంది, తెలుగు మాటలు లెక్కిస్తే మీకే నష్టం. ఇది తెలుగు టీచరుకు నేను వివరించాల్సిన పనిలేదు.

బాబు మధ్యాహ్నం పడుకున్నప్పుడు కొత్త వ్యాసం మొదలుపెట్టకండి. వాడు ఎప్పుడు లేస్తాడో తెలియదు, సగంలో ఆగితే మర్నాడు మళ్లీ మొదట్నుంచి చదువుకోవడానికే అరగంట పోతుంది. విషయం చదవడం, నోట్సు, అచ్చుతప్పులు, మెయిళ్లు, బిల్లు లాంటి మధ్యలో ఆగినా ఫర్వాలేని పనులు అప్పుడు చేసుకోండి. రాత ఆ గంటన్నరలో. రాత ఆపి లేచే ముందు తర్వాతి పేరాలో రావాల్సిన రెండు ముక్కలు కింద రాసిపెట్టుకుంటే రేపు వెంటనే అందుకోవచ్చు. గడువు అడిగితే మీకు పట్టే రోజులకు రెండు కలిపి చెప్పండి, ఈ వయసు పిల్లలకు జ్వరం వస్తే ఆ రెండూ పోతాయి.

రాత్రి పదకొండు తర్వాత రాయడం మాత్రం మానేయండి. సోమవారం బ్యాంకుకు వెళ్లండి. ఈ నెల బిల్లులో తేదీ, బిల్లు నంబరు, మాటల లెక్కతో పాటు మీ పాన్, మీ ఖాతా నంబరు వేసి పంపండి.