ముందు సున్నా రోజు తేల్చుకో

చిరంజీవి అమ్మాయికి,

కొత్త షుగర్ మందు ఎలా పనిచేస్తుందో ఆసుపత్రి రికార్డుల నుంచి తేల్చాలని నువ్వు రాసిన ప్రోటోకాల్, అదే ఆ పరిశోధన ప్రణాళిక, రెండుసార్లు చదివాను. పన్నెండు పేజీల్లో తొమ్మిది స్టాటిస్టిక్సే. ఒక్కో రోగిని ఏ రోజు నుంచి లెక్కలోకి తీసుకుంటావో, అంటే సున్నా రోజు ఏదో, మాత్రం ఎక్కడా లేదు. నాకు టెన్షన్ పెట్టింది అదే.

ఆ గోతిలో నేనూ పడ్డాను మరి. గుండెపోటు వచ్చి డిశ్చార్జి అయినవాళ్ల రికార్డులు తీసి, ఏడాదిలోపు ఎప్పుడు మందు మొదలుపెట్టినా 'వాడినవాళ్లు' అని రాసుకున్నాను. లెక్క మాత్రం అందరికీ డిశ్చార్జి రోజు నుంచే. మందు అద్భుతంగా పనిచేసినట్టు తేలింది. మా గైడు ఒక రికార్డు మీద వేలు పెట్టి, "ఈయన మందు మొదలుపెట్టింది రెండువందలవ రోజున. అప్పటిదాకా బతికుంటేనే కదయ్యా మొదలుపెట్టేది?" అన్నారు. ఇరవయ్యో రోజున పోయినాయనేమో వాడనివాళ్ల ఖాతాలో పడ్డాడు. చావడానికి వీల్లేని ఆ రెండువందల రోజుల్ని నేను మందు గొప్పతనం కింద జమ వేశాను. ఆర్నెల్ల పని ఆ మధ్యాహ్నంతో సరి.

అర్హత చూసే రోజు, మందు మొదలయ్యే రోజు, లెక్క మొదలయ్యే రోజు మూడూ ఒకటే కావాలి. డబ్బూ అనుమతీ ఉంటే ఏ ట్రయల్, అంటే చీటీ వేసినట్టు కొందరికి మందిచ్చి మిగతావాళ్లతో పోల్చే ప్రయోగం, చేసేదానివో ముందు కాగితం మీద రాసుకో. రికార్డుల్లో దాన్నే అనుకరించు.

పాతికేళ్లుగా మందు మింగుతున్నవాళ్లను కలపకు. పడనివాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు, తట్టుకున్నవాళ్లే మిగులుతారు. మెనోపాజ్ తర్వాత ఇచ్చే హార్మోన్లు గుండెను కాపాడతాయని అమెరికా నర్సుల అధ్యయనం చూసి చాలామంది నమ్మారు. పదహారు వేలకు పైగా స్త్రీలతో చేసిన ట్రయల్‌ను, ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగి మేలు కన్నా హాని ఎక్కువని తేలి, 2002లో మధ్యలోనే ఆపేశారు. గుండె ముప్పు కూడా తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. నర్సుల డేటానే 2008లో మందు మొదలుపెట్టిన దగ్గర్నుంచి లెక్కగడితే, మొదటి రెండేళ్లలో అక్కడా ముప్పు పెరిగినట్టే కనిపించింది.

కొత్త షుగర్ మందు వాడినవాళ్లను ఏమీ వాడనివాళ్లతో పోల్చాలనుకున్నావు. వద్దు. మందు రాయకపోవడానికి డాక్టరుకు ఏదో కారణం ఉంటుంది, అది నీ డేటాలో ఉండదు. అదే దశలో రాసే ఇంకో షుగర్ మందు మొదలుపెట్టినవాళ్లను తీసుకో. ఎవరికి ఆ మందు రాసే అవకాశం ఎంతో రికార్డుల నుంచి లెక్కగట్టే ప్రొపెన్సిటీ స్కోరు చూసుకుంటుందిలే అనుకోకు. రికార్డుకెక్కని సంగతి దానికీ తెలియదు.

అరుదైన హాని వెతకాలంటే కేస్-కంట్రోల్ చాలు, అంటే ఆ హాని జరిగినవాళ్లనూ జరగనివాళ్లనూ తీసుకుని ఎవరు ఏ మందు వాడారో వెనక్కి చూడటం. 1971లో అరుదైన యోని క్యాన్సర్ వచ్చిన ఎనిమిది మందినీ, రాని ముప్పై ఇద్దరినీ పోల్చారు. ఆ ఎనిమిది మందిలో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోన్ మందు వాడారు. ముప్పై ఇద్దరి తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. అంత చిన్న పట్టిక చూసి నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో పని. మందుతో సంబంధం లేని ఫలితాన్ని, కుక్కకాటు లాంటిదాన్ని, అదే పద్ధతిలో లెక్కగట్టు. అక్కడా నీ మందు కాపాడుతున్నట్టు వస్తే, జాగ్రత్తపరులే ఆ మందు ఎక్కువగా వాడుతున్నారేమో చూడాలి. ఈ లెక్క పట్టికా, సున్నా రోజు ఏదో రాసిన పేరా ఆదివారంలోపు పంపు. తొమ్మిది పేజీల సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య