పిల్లల రాతలో ‘మరియు’

సందేహం: హనుమకొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. వ్యాసం రాయమంటే పిల్లలు వాక్యానికి రెండేసి ‘మరియు’లు రాస్తున్నారు. కొట్టేస్తే ‘గైడులో ఉంది సార్’ అంటున్నారు. అది తప్పా? దాని బదులు ఏం నేర్పాలి? ఇంకొకటి, ‘పేరా’ అనాలా, ‘ఖండిక’ అనాలా?

సమాధానం: ‘మరియు’ తెలుగు మాటే. తప్పల్లా దాన్ని వాడే చోటులో ఉంది. ‘మఱి’ అనే మాటకు సముచ్చయార్థకమైన (అంటే మాటలను కలిపే) ‘యు’ చేరి ‘మఱియు’ అయింది (పాత రాతల్లో బండి ఱ). దానికి ‘ఇంకను, అంతేకాక’ అని అర్థం. మన బమ్మెర పోతన భాగవతంలో వచనాలు చాలాచోట్ల ‘మఱియు’తో ఎత్తుకుంటాయి, అంతవరకు చెప్పినది ఒక కొలిక్కి వచ్చిందనీ, ఇక పై సంగతి వినమనీ దాని భావం. అంటే అది కొత్త సంగతికి ఎత్తుగడే గాని రెండు నామవాచకాల నడుమ అతుకు కాదు. ఆ అతుకు పనికి తెలుగులో ప్రత్యయం ఉంది: ‘హరియు హరుడును’ అన్నది ఇప్పుడు ‘హరీ హరుడూ’ అయింది, చివరి అచ్చు సాగితే చాలు. పేర్ల చివర ఉండవలసిన ‘యు’ను ఊడబెరికి, నడుమ విడిమాటగా నిలబెట్టడం ఇంగ్లీషు వాక్యాన్ని చూసి రాసిన అనువాదాలతో బలపడిన అలవాటు.

వాక్యాల సంగతి చూడండి. పిల్లవాడు ఇలా రాస్తాడు: ‘మేము మరియు మా మామయ్య వాళ్లు మేడారం వెళ్లాము మరియు జంపన్నవాగులో స్నానం చేశాము మరియు బంగారం సమర్పించాము.’ (మేడారం జాతరలో మొక్కుగా ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటారు.) పుస్తకం మూయించి అదే సంగతి నోటితో చెప్పమనండి: ‘మేము, మా మామయ్యోళ్లు కల్సి మేడారం పోయినం సార్, జంపన్నవాగుల తానం జేసి, గద్దెల కాడ బంగారం పెట్టి వచ్చినం.’ ఒక్క ‘మరియు’ కూడా రాదు. మీరు పాఠంలో చెప్పే క్త్వార్థకం, అంటే ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ, వాడి నోట్లో ముందే ఉంది. ‘చేసి, పెట్టి’ అన్న ఆ రెండు మాటలను నల్లబల్ల మీద రాసి చూపితే, సంక్లిష్ట వాక్యం పరీక్ష కోసం బట్టీ పట్టే నిర్వచనంగా మిగలదు. అందుకే రాయించే ముందు చెప్పించమంటాను. యాసను దిద్దడం తరువాతి పని, మొదటి పూటే దానికి పూనుకుంటే పిల్లవాడు నోరు మూసుకుంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ సాధారణంగా కర్త ఒకటే కావాలి. ‘మామయ్య బెల్లం కొని మేము సమర్పించాము’ అంటే కుదరదు. ‘మామయ్య కొన్న బెల్లాన్ని మేము సమర్పించాము’ అనాలి. ‘వాన పడి చెరువు నిండింది’ వంటి కార్యకారణ వాక్యాల్లో మాత్రం కర్తలు వేరైనా చెల్లుతుంది. ‘మరియు’ మానిన పిల్లలు కొన్నాళ్లు ‘లేచి, తిని, పోయి, చూసి’ అంటూ ఎక్కడా ఆగకుండా రాస్తారు. అప్పుడు కర్త మారిన చోట వాక్యాన్నీ, సంగతి మారిన చోట పేరానూ ముగించమనండి. ప్రయాణం ఒక పేరా, గద్దెల దగ్గరి మొక్కు ఒక పేరా. రెండో పేరా మొదట్లో ‘ఇక’ అనో, ‘అంతేకాక’ అనో రాస్తే అది పోతన ‘మఱియు’ చేసిన పనే.

గైడు మాటకు వస్తే, శాఖల పేర్లలోనూ ఒప్పంద పత్రాల్లోనూ ‘మరియు’ను ఇప్పుడు తప్పించలేము, అక్కడ ఉండనివ్వండి. వ్యాసంలో మాత్రం కొట్టేయండి, అయితే మార్కు తగ్గించకండి.

‘పేరా’ అనే అనండి. ‘ఖండిక’ అంటే సాహిత్యంలో చిన్న కావ్యమనే అర్థం స్థిరపడింది. పద్యపాఠం దగ్గర ఆ మాట మళ్లీ ఎదురైతే పిల్లలు తికమకపడతారు.