మాసాయి మారాకు మిషన్ బృందం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా క్రైస్తవ సంఘం నుంచి పద్నాలుగు మందిమి జులై నెలాఖరున కెన్యా వెళ్తున్నాం. పది రోజులు అక్కడి సంఘాలతో కలిసి సేవ, ఆ తర్వాత అక్కడి మాసాయి మారా అభయారణ్యంలో సఫారీ. ఒక్క రోజులో చూసి రావచ్చని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా? (హనుమకొండ)

జవాబు: ఒప్పుకోకండి. నైరోబీ నుంచి మారాకు దాదాపు 270 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణం. పొద్దున బయల్దేరితే ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు చేరతారు. అప్పటికి సింహాలు పొదల నీడన పడుకొని ఉంటాయి, మళ్లీ లేచే వేళకు మీరు తిరుగు దారిలో ఉంటారు. కనీసం రెండు రాత్రులు ఉండండి. వచ్చిన సాయంత్రం, మర్నాడు పొద్దున, సాయంత్రం, బయల్దేరే రోజు తెల్లవారుజామున కలిపి నాలుగు విడతలు అడవిలో తిరగొచ్చు.

ఖర్చు సంగతి ముందే తేల్చుకోండి. 2024 నుంచి విదేశీ పెద్దలకు మారా ప్రవేశ రుసుము జనవరి-జూన్‌లో రోజుకు 100 డాలర్లు, జులై-డిసెంబరులో 200. టికెట్టు పన్నెండు గంటలకే చెల్లుతుంది. మీ రెండు రాత్రులకు ఎన్ని టికెట్లు లెక్కగట్టారో, అవి ప్యాకేజీలో కలిశాయో లేదో ఏజెంటుతో కాగితం మీద రాయించుకోండి. లక్షలాది వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింకలు) పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటీ మైదానాల నుంచి మారా నది దాటి వచ్చేది మామూలుగా జులై, అక్టోబరు మధ్య. అది తప్పక చూడాలనుకుంటే ఈ ఖర్చుకు సిద్ధపడాలి. లేదంటే ప్రయాణం జూన్‌కు జరుపుకోండి. సింహం, ఏనుగు, జిరాఫీ ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి, రుసుము సగమే.

పైకప్పు లేచే ల్యాండ్‌క్రూజర్లు మూడు మాట్లాడుకోండి. రెండింటిలో ఏడుగురు చొప్పున పడతారు గానీ, అందరూ ఒక్కసారి లేచి నిలబడితే వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. ఇంకొక మాట: సఫారీ డబ్బు ఎవరిది వారే పెట్టుకోవాలి. సేవకని సంఘం ఇచ్చిన కానుకల లెక్కలో దాన్ని కలపకండి.

ప్రశ్న: టూరిస్టులమని రాసి అనుమతి తీసుకుంటే సరిపోతుందా? (జనగామ)

జవాబు: కెన్యాలో 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. సేవకు వెళ్తూ విహారమని మాత్రం రాయకండి. మత సేవకు అక్కడ వేరే పర్మిట్లు ఉన్నాయి. మీ పనికి ఏది కావాలో ఆహ్వానించిన సంఘం ద్వారా అక్కడి ఇమిగ్రేషన్ శాఖను అడిగించి, ఆహ్వాన పత్రం దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: టీకాలు ఎప్పుడు, ఎక్కడ వేయించుకోవాలి? మా బృందంలో అరవై దాటినవాళ్లు ముగ్గురున్నారు. (పరకాల)

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. అది లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఒక్క డోసు చాలు, జీవితాంతం చెల్లుతుంది. అయితే వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ అమల్లోకి వస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఏ రోజు వేస్తున్నారో ముందు కనుక్కొని, పాస్‌పోర్టు తీసుకొని వెళ్లండి. కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు అక్కడే సరిచూసుకోండి.

ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. అరవై దాటినవారు, గర్భిణులు, గుడ్డు పడనివారు, స్టెరాయిడ్లు వాడేవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు విమానం టికెట్లు కొనకముందే డాక్టరును కలవాలి. టీకా పడదని తేలితే ప్రయాణమే మార్చుకోవాల్సి రావచ్చు.

మలేరియాకు టీకా కాదు, మాత్రలు. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే రోజుకు 100 మిల్లీగ్రాములు, వెళ్లే ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. ఇల్లు చేరాం కదా అని ఆపేస్తే కాలేయంలో దాగిన క్రిములు తర్వాత రక్తంలోకి వస్తాయి. తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో వేసుకోండి, వెంటనే పడుకోకండి. ఈ మాత్రతో ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, కాబట్టి టోపీ, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. తిరిగొచ్చిన కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరం వచ్చినా ‘ఆఫ్రికా వెళ్లొచ్చాను’ అని డాక్టరుకు మొట్టమొదట చెప్పండి.

ప్రశ్న: అందరికీ నీలం టీషర్టులు కుట్టిస్తున్నాం. సకినాలు, పచ్చళ్లు కవర్లలో కట్టుకుంటున్నాం. ఫర్వాలేదా? (నర్సంపేట)

జవాబు: టీషర్టుల రంగు మార్చండి. ఆఫ్రికా అడవుల్లో కుట్టే ట్సెట్సీ ఈగ నీలం, నలుపు రంగులకు ఎగబడుతుంది. దాన్ని పట్టే ఉచ్చులు కూడా నీలం, నలుపు గుడ్డలతోనే చేస్తారు. ఖాకీ, మట్టిరంగు, లేత ఆకుపచ్చ మేలు. మిలటరీ మచ్చల బట్టలు వద్దు. స్వెట్టరు మరవకండి: మారా సముద్రమట్టానికి 1500 మీటర్లకు పైన ఉంటుంది, పొద్దున్నే తెరిచిన బండిలో గట్టి చలి.

కవర్లు మాత్రం అసలే వద్దు. కెన్యా 2017లో ప్లాస్టిక్ సంచులను నిషేధించింది. 2020 నుంచి రక్షిత అడవుల్లోకి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. సకినాలు స్టీలు డబ్బాలో, బట్టలు గుడ్డసంచుల్లో సర్దుకోండి.

ప్రశ్న: అక్కడ పెద్దపులి కనబడ్తదా అని మా అమ్మాయి అడుగుతున్నది. (జన్నారం)

జవాబు: పెద్దపులి ఆఫ్రికా అడవుల్లో లేదు, అది ఆసియా జంతువు. కవ్వాల్ పులుల అభయారణ్యం పక్కనే ఉన్న అమ్మాయికి ఈ మాట తప్పక చెప్పండి. మన పత్రికల్లో చిరుత, చీతా కలగలిసిపోతుంటాయి. మారాలో రెండూ ఉన్నాయి. చిరుత ఒంటి మీద గులాబీ రేకుల్లాంటి గుంపు మచ్చలు, బలమైన మెడ. పగలు చెట్టు కొమ్మ మీద వాలి ఉంటుంది, మన కంటికి మొదట పడేది వేలాడే తోకే. చీతావి గుండ్రటి నిండు చుక్కలు, సన్నటి నడుము, కంటి నుంచి నోటిదాకా కన్నీటి చారలాంటి నల్లగీత. అది పట్టపగలు మైదానంలో వేటాడుతుంది. మన దుమ్ములగొండికి ఒంటిమీద చారలు, అక్కడిదానికి ఎక్కువగా మచ్చలే. సింహాలు వదిలింది తిని బతుకుతుందనుకుంటారు గానీ, గుంపుగా తానే వేటాడుతుంది. స్వాహిలీలో సింహం ‘సింబా’, చిరుత ‘చుయి’, చీతా ‘డూమా’, ఏనుగు ‘టెంబో’. ఈ నాలుగు ముక్కలు వస్తే డ్రైవరు దేన్ని చూపిస్తున్నాడో తెలుస్తుంది.

8x42 (ఎనిమిది రెట్లు చూపే) బైనాక్యులర్ ఒకటి కొనండి. పదిరెట్లు చూపేది చేతిలో ఎక్కువ వణుకుతుంది. వెళ్లేముందు పాకాల చెరువు గట్టున పక్షుల మీద చూపు కుదుర్చుకోవడం అలవాటు చేయండి.

ప్రశ్న: బండిలో పాటలు పాడుకోవచ్చా? ప్రార్థన చేసుకోవచ్చా? (మహబూబాబాద్)

జవాబు: ఆరాధన, పాటలు, చప్పట్లు క్యాంపులోనే ముగించుకొని ఆరింటికి బండెక్కండి. బండిలో మౌన ప్రార్థన చాలు. ఇది మర్యాద కోసమే చెప్తున్నది కాదు. అక్కడి జంతువులు బండి ఆకారానికి అలవాటుపడి ఉంటాయి. చెయ్యి బయటికి చాపినా, కిటికీలోంచి ఒంగినా, కేక వేసినా ఆ ఆకారం చెదిరి, మనిషి ఉన్నాడని వాటికి తెలిసిపోతుంది. ఒక సింహం, చిరుత, చీతా చుట్టూ ఐదు బండ్లకు మించి ఉండకూడదని మారా నియమం. చీతా వేటకు పొంచి ఉన్నప్పుడు దగ్గరికి పొమ్మని డ్రైవరును తొందర పెట్టకండి. బండ్లు అడ్డుపడితే వేట తప్పుతుంది. వేట దొరికినా బండ్ల గుంపును చూసి దుమ్ములగొండ్లు వచ్చి గుంజుకుంటాయి, పిల్లల తల్లికి ఆ పూట పస్తే.

నది దాటే చోట ఇంకా ఓపిక కావాలి. మంద గట్టు మీద గంటల తరబడి నిలబడి, ఒక్కోసారి దిగకుండానే వెనక్కి తిరుగుతుంది. బండి గట్టుకు దూరంగా ఆపి ఇంజను కట్టేయించండి. అవసరం తీర్చుకోవడానికి ఎవరూ తమంతట తాము దిగకూడదు. డ్రైవరు చుట్టూ చూసి, చోటు చూపించాకే బండి వెనక దిగాలి. బయల్దేరేముందు టీ ఒక్క కప్పుతో ఆపండి.